ఫోటోకని పౌడర్ రాసుకొచ్చిన చెయ్యి

నెల్లూరు తీరానికి జనం సముద్రం కోసం వెళతారు. నేను తామర చూడ్డానికి వెళ్లాను. చర్మవ్యాధుల డాక్టరైన నా స్నేహితురాలు సుజాత అల్లూరు దగ్గర ఓ పల్లెలో శిబిరం పెట్టింది. ఫోటో తీస్తే చాలు, ఫోనులోని కృత్రిమ మేధ తామరను గుర్తుపడుతుందట. నాకు నమ్మకం కుదరక, చూసే వద్దామని పొద్దున ఏడింటికి నెల్లూరులో బస్సెక్కాను. అల్లూరుకు గంట పైనే పట్టింది. అక్కణ్ణుంచి ఆటో, మనిషికి ముప్పై రూపాయలు.

“రొయ్యల గుంటల్లో దిగేవోళ్లకి ఒళ్లంతా గోకుడేనన్నా. షాపులో ట్యూబు కొని పూసుకుంటారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తాది,” అన్నాడు ఆటో అతను.

శిబిరం బడి వరండాలో. ముందు కూర్చున్న మస్తానమ్మ బాలింత. ముంజేతి మీద మచ్చ చూసి ఎవరో పెద్దరోగం, అంటే కుష్ఠు, అన్నారట. నెల రోజులుగా బిడ్డను తాకలేదు. పాలు పిండి ఇస్తే అత్త చెంచాతో పడుతోంది.

సుజాత ఫోటో తీసింది. తెర మీద ‘స్పష్టంగా లేదు’ అని వచ్చింది. నాకు లోపల కాస్త సంతోషమే వేసింది. సుజాత మాత్రం చెయ్యి దగ్గరకు వంగి చూసింది.

“ఏం రాసినావమ్మా?”

“ఫోటో తీస్తారన్నారు గదా మేడమ్. పౌడర్ కొట్టుకోనొచ్చినా.”

వరండా అంతా నవ్వింది. మస్తానమ్మ నవ్వలేదు. తడిగుడ్డతో తుడిచి, ఆరాక మళ్లీ తీస్తే ఫోను ‘తామర’ అంది. సుజాత అంతటితో ఊరుకోక మచ్చ మీద స్పర్శ ఉందో లేదో దూదితో చూసింది, పొట్టు గీరి మైక్రోస్కోప్ కింద పెట్టింది.

“తామరే. పెద్దరోగం కాదు.”

“బిడ్డనెత్తుకోవచ్చునా?”

“మచ్చ తగిలితే అంటుకుంటాది. మందు రాసి, పైన గుడ్డ కట్టుకో. తువ్వాలు వేరే పెట్టుకో. పాలు మాత్రం నువ్వే ఇయ్యి.”

మస్తానమ్మ కట్టు కట్టించుకుని అత్త చేతుల్లోంచి బిడ్డను అందుకుంది. తర్వాత, “ఇప్పుడు తీయండి మేడమ్, ఫోటో,” అంది.

మధ్యాహ్నం బస్సులో తిరిగొస్తుంటే ఫోను మీద నా అనుమానం సగమే మిగిలింది. ఆమె పోగొట్టుకున్న ఆ నెల గుర్తొస్తే మాత్రం కోపమొచ్చింది. డాక్టరు దొరకని ఊళ్లో ‘పెద్దరోగం కాదు’ అన్న మాట ముందే చెప్పే సాధనం ఏదైనా నాకు సమ్మతమే. ఇలాంటి శిబిరానికి వెళ్లేవాళ్లు మచ్చ మీద క్రీము, పసుపు, పౌడర్ ఏవీ రాసుకోకండి. పౌడర్ డబ్బా మాత్రం సంచిలో ఉంచుకోండి, పరీక్ష అయ్యాక ఫోటో దిగాలనిపించవచ్చు.