దరువు తప్పే సంజీవరావు

సంజీవరావుకు పాడకుండా ఫిజిక్సు చెప్పడం రాదు. పాడినా, వాయించినా దరువు తప్పకుండా ఉండడం అసలే రాదు.

1999లో పొదిలి దగ్గర ఓ జూనియర్ కాలేజీలో ఆయన గది పక్కనే నా లెక్కల తరగతి. గోడకి అటు న్యూటన్ సూత్రాలు కోలాటం ఆడుతుంటే ఇటు నా పిల్లలు కిటికీలోంచి తేలివచ్చే దూది పింజల్ని చూస్తూ కలల్లోకి జారిపోయేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. కాస్త దరువు చూసుకోండి మహానుభావా అంటే, సాధన చేస్తున్నానండీ అని నవ్వేవాడు.

ఆయన తరగతిలో దేవకుమారి అని దళితవాడ పిల్ల. తండ్రి ఇమ్మానియేలు డప్పు వాయిస్తాడు. ఆమె నోరు విప్పితే చాలు, వెనక బల్లల వాళ్ళు డప్పు, డప్పు అని గొణిగేవాళ్ళు. ఫిజిక్సంటే ప్రాణమైన పిల్ల చివరికి సైన్సు మానేస్తాననీ, వచ్చే ఏడు ఆర్ట్స్‌లో చేరతాననీ చెప్పేసింది.

మర్నాడు సంజీవరావు ధ్వని పాఠానికి ఏకంగా డప్పే తెచ్చాడు. ఎంత ఘోరంగా వాయించాడంటే, గోడ ఇవతల నా చేతిలో సుద్దముక్క విరిగింది. అప్పుడు సన్నటి గొంతు వినిపించింది.

"అట్టా కాదు సార్. ఒక దెబ్బ ఆగి కొట్టాలి."

"నువ్వు కొట్టి చూపించమ్మా."

"ముందు సెగ చూపించాలి సార్. తోలు బిగుసుద్ది. పౌనఃపున్యం పెరుగుద్ది."

ఆవరణలో పత్తికంప మంట వేశారు. నా పిల్లలు నన్నడక్కుండానే బయటికి పోయారు. నేనూ పోయాను. దేవకుమారి వాయిస్తుంటే ఆ మోత పండిన మిరపచేల మీదుగా ఎటో తేలిపోయింది. నేల మీద ఉన్నామో లేదో మాకు తెలియలేదు. వెనక బల్లల వాళ్ళు ఆమె చుట్టూ చేరి సందేహాలు అడిగారు. ఆ పిల్ల సైన్సు మానలేదు.

తరవాత ఓ సాయంత్రం సంజీవరావు ఇంటికి వెళ్తే లోపల ఎవరో డప్పు అద్భుతంగా వాయిస్తున్నారు. తొంగి చూస్తే ఆయనే.

"ఎప్పుడూ నేను తప్పకపోతే పిల్లలు నన్నెందుకు దిద్దుతారండీ? ఆ పిల్ల డప్పెందుకు పట్టుద్ది? మీరు మాత్రం ఆమెకు చెప్పమాకండి," అన్నాడు.

నా నోట్లో మాట దాగదు. ఇంజనీరింగ్ సీటొచ్చి మిఠాయి తెచ్చిన రోజున దేవకుమారికి చెప్పేశాను. ఆమె నవ్వింది.

"నాకు ఆ రోజే తెలుసండీ. దరువు రానోళ్ళు అంత జాగ్రత్తగా తప్పలేరు. పాపం, అంత కష్టపడుతున్నారు గదాని ఊరుకున్నా. మీరు మాత్రం సార్‌కి చెప్పమాకండి."