ఒక పూట, ఒక మందు

శౌరయ్య తాపీ మేస్త్రి. తిరువూరులో చాలా ఇళ్ళ గోడలు అతను లేపినవే. అతని ఎడమ ముంజేతి మీద ఒక మచ్చ ఉంది. తడి సున్నం పడి కాలినా అక్కడ తెలియదు. దానికి రెండేళ్ళుగా మందు వాడుతున్నాడు. కుష్ఠు నివారణలో పనిచేసే అంకారావు నెలకోసారి సైకిల్ మీద వచ్చి బిళ్ళలు ఇచ్చి పోతాడు. ఇరుగుపొరుగు అతన్ని బీమా ఏజెంటు అనుకుంటారు.

భార్య జోజమ్మకు మచ్చ సంగతి తెలుసు. తెలిసీ అతని కంచంలోనే తినేది.

పంతొమ్మిది వందల డెబ్భై మూడులో, వానలు వెనకబట్టాక, శౌరయ్యకు దగ్గు పట్టుకుంది. క్షయ అన్నారు ఆసుపత్రిలో. రెండు నెలలు సూదులు, ఏడాదిన్నర బిళ్ళలు వాడాలన్నారు. ఇల్లు ఒకటే గది. కొడుక్కి పదకొండు నెలలు. కళ్ళె పరీక్ష బాగుందని తేలేదాకా పిల్లవాణ్ణి ఆ గదిలో పడుకోబెట్టవద్దన్నాడు డాక్టరు. జోజమ్మ బిడ్డను ఎత్తుకుని గంపలగూడెం పుట్టింటికి బయలుదేరింది.

“బాగుందన్న రోజే వస్తా. ముందు రాను. బతిమాలకు,” అంది.

శౌరయ్య మచ్చ సంగతి ఆసుపత్రిలో చెప్పలేదు. చెబితే వరసలోంచి లేపేస్తారని భయం. దగ్గు సంగతి అంకారావుకూ చెప్పలేదు. ఉదయం తిన్నాక దగ్గు బిళ్ళ, రాత్రి తిన్నాక మచ్చ బిళ్ళ. రెండూ ఒకేసారి కడుపులో పడితే ప్రమాదమని తనే అనుకున్నాడు.

మళ్ళీ పరీక్ష ఈస్టరు ముందు. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం గుడిలో మొక్కుకున్నాడు. జోజమ్మ, పిల్లవాడు ఇంటికి రావాలి. ఈ నలభై రోజులూ ఒంటిపూట ఉంటాను.

సాయంత్రం ఒక్కసారే అన్నం. అన్నం ఒక్కసారే గనక మందూ ఒక్కటే. ఒకరోజు ఇది, ఒకరోజు అది. రెంటికీ న్యాయం చేస్తున్నాననుకున్నాడు.

మార్చి చివర అంకారావు వచ్చేసరికి శౌరయ్య మంచంలో కూర్చుని దగ్గుతున్నాడు.

“ఈ దగ్గెప్పట్నుంచి?”

“వానలప్పట్నుంచండి. ఆసుపత్రి మందు వాడుతున్నా.”

“చూపించు.”

శౌరయ్య తెచ్చిన దగ్గు బిళ్ళల పొట్లాన్నీ, తనిచ్చిన మచ్చ బిళ్ళల పొట్లాన్నీ అంకారావు పక్కపక్కన పెట్టి చూశాడు.

“రెండూ సగం మిగిలాయేం?”

“తపస్సు కాలం కదండి. ఒంటిపూట. రెండూ కలిపి మింగితే ఏమన్నా అవుద్దని.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదండి.”

“నన్నడగొచ్చుగా. నెలనెలా వస్తన్నా కదయ్యా, నీ కోళ్ళు కూడా నన్ను గుర్తుపడుతున్నాయి.” అంకారావు లేచాడు. “రెండూ కలిపి వేసుకోవచ్చు. మానితేనే ముప్పు. రేపు ఆసుపత్రికి నేనూ వస్తా.”

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు మచ్చను గుండుసూదితో తాకి చూసి కార్డు మీద రాసుకున్నాడు. లేచి పొమ్మనలేదు. కానీ కళ్ళెలో ఇంకా క్రిములు ఉన్నాయి. మళ్ళీ మూడు నెలలకు పరీక్ష.

ఈస్టరుకు వారం ముందు, మ్రానికొమ్మల ఆదివారం, జోజమ్మ వచ్చింది. పూజ అయ్యాక గుడి బయట, నాలుగు బారల దూరంలో నిలబడింది. చంకలో పిల్లవాడు గుడిలో ఇచ్చిన ఈత మట్ట నములుతున్నాడు.

“ఏమన్నారు?”

“ఇంకా ఉందంట.”

మొక్కు సంగతి చెప్పాడు. మందు సంగతీ చెప్పాడు. ఆమె పిల్లవాడి నోట్లోంచి మట్ట తీసింది.

“మేం రావాలని మొక్కి, మమ్మల్ని ఇంకో మూణ్ణెల్లు అక్కడే ఉంచావన్నమాట.”

ఆమె పిల్లవాణ్ణి ఇంకో చంకకు మార్చుకుంది.

“మిగిలిన రోజులు ఒంటిపూట నేనుంటాలే. వీడు నా పాలు మానేశాడు. నువ్వు తిను.”

“పవిత్ర శుక్రవారం కూడానా?”

“శుక్రవారం కూడా. పొద్దున్నే తిను. మందు మింగు.”

పవిత్ర శుక్రవారం పేటంతా ఉపవాసంతో సిలువ మార్గం ఊరేగింపుకు బయలుదేరింది. శౌరయ్య తలుపు వేసుకోలేదు. గడప దగ్గర కూర్చుని చద్దన్నం తిన్నాడు. పక్కింటి మాణిక్యమ్మ ఆగింది.

“ఇయ్యాళ కూడానా శౌరయ్యా?”

“ఇయ్యాళ కూడా వదినా.”

ఆమె చూస్తుండగానే దగ్గు బిళ్ళ మింగి నీళ్ళు తాగాడు. చెయ్యి కడుక్కుని, అందరికీ వెనక నడిచాడు.