నల్లాలో గాలి

మా ఆయన పాటలు రాయడం మొదలుపెట్టిన రోజుల్లో వాటినిండా నిప్పులూ పిడుగులూ తుఫానులే. పగలు ఆఫీసు ఉద్యోగం, ఆదివారాలు ముగ్గురు స్నేహితులతో కలిసి రాక్ బ్యాండు. గిటారు తనదే, మాటలు తనవే. పెళ్లికి ముందు నాకోసం కట్టిన పాటలో నన్ను సముద్రం అన్నాడు. అప్పటికి తను సముద్రం చూడనే లేదు. నేను కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చినదాన్ని. చూడనిదాంతో ఎలా పోల్చావని అడిగితే, "నువ్వు ఆడికెల్లి వచ్చినవ్ గదా. నాకు గదే సముద్రం" అన్నాడు. పాటకన్నా ఆ జవాబే నాకు ఎక్కువ నచ్చింది.

పెళ్లయ్యాక లాల్‌దర్వాజాలో వాళ్లింటికి వచ్చాను. మామయ్య పోయి అప్పటికే చాలా ఏళ్లయింది. ఒకప్పుడు వాళ్లది పాల వ్యాపారం. బర్రెలు కట్టేసిన కొట్టంలోనే ఇప్పుడు బ్యాండు వాళ్ల డ్రమ్ములూ స్పీకర్లూ ఉండేవి. అత్తమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చప్పుడు మరీ మించితే తన గది తలుపు దగ్గరగా వేసుకునేది, అంతే.

మూడేళ్ల కిందట నాకు ఐదో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక ఇంట్లో ఎవరూ దాని మాట ఎత్తలేదు. అత్తమ్మ వేళకు అన్నం పెట్టేది, తలకు నూనె రాసేది. ఆయన స్పీకరుకు తగిలించకుండానే గిటారు వాయించుకునేవాడు. అలా వాయిస్తే తీగలు టిక్కుటిక్కుమంటాయి తప్ప, పాట పక్కగదికి కూడా వినపడదు. నేను ఆఫీసుకు వెళ్లేదాన్ని, వచ్చేదాన్ని. ఏడుపు కూడా రాని రోజులవి.

కుళాయి నీళ్లొచ్చే ఒకరోజు పొద్దున్నే వాకిట్లో బిందెలు పెట్టుకుని కూర్చున్నాను. ఆయన వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"ఎట్లుంది నీకు? నిజం చెప్పు."

చెబుదామంటే మాట దొరకలేదు. అప్పుడే కుళాయి తిప్పాను. నీళ్లకన్నా ముందు గాలి బుస్సుమంది.

"ఇదిగో, ఇలా ఉంది" అన్నాను. "తిప్పితే చప్పుడొస్తుంది. చుక్క రాదు."

తను గడప మీంచి లేచి వచ్చాడు. నీళ్లొచ్చాక బిందెలు ఒక్కొక్కటే లోపలికి మోసి, చొక్కా వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఊరికి అవతలివైపు ఒక కెఫేలో బ్యాండు వాళ్ల షో పెట్టారు. కొత్త పాట ఉంది, రమ్మన్నాడు. చాలాకాలానికి బతిమాలి అడిగాడని వెళ్లాను. ఆ పాట దగ్గరికి వచ్చేసరికి డ్రమ్ములు ఆపేశారు. ఒక్క గిటారు మీద ఎత్తుకున్నాడు:

నల్లా తిప్పిన, నీళ్లు రాలే, గాలొచ్చింది
గాలి కింద బిందె పెట్టి కూసున్న
నువ్వొచ్చేదాకా కూసుంట

నా కుళాయి తన నోట్లో నల్లా అయింది. గాలి నాదే. బిందె మాత్రం నేను చెప్పినది కాదు. వట్టి గాలి కింద బిందె పెట్టుకుని ఎవరు కూర్చుంటారు? నీళ్లొస్తాయని నమ్మినవాడు కూర్చుంటాడు. లేకపోతే, ఇంకేం చెయ్యాలో తెలియనివాడు. ఇన్ని నెలలూ తను నా పక్కన ఎలా ఉన్నాడో ఆ బిందెతో నాకు తెలిసింది. పిడుగుల పాటల్లో ఎక్కడా తన మొహం నాకు ఇంత దగ్గరగా కనపడలేదు.

అంతలో డ్రమ్ములు ఒక్కసారి విరుచుకుపడ్డాయి. ఎవరో అమ్మాయి వదిలేసిందన్న పాట అనుకున్నారు జనం. ముందు బల్లల దగ్గరివాళ్లు నల్లా అన్న మాటకి నవ్వారు, బిందె దగ్గర ఈలలు వేశారు, రెండోసారి వాళ్లే అందుకుని పాడారు. అంతమంది నోట్లో ఆ మాట వింటూ కూర్చోలేకపోయాను. లేచి బయటికి వచ్చేశాను.

షో అయ్యాక బండి దగ్గరికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. నన్ను చూసి ఆగాడు.

"అది నీకు చెప్పిన మాట" అన్నాను. "వాళ్లకి కాదు."

బండి తాళం చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"నాగ్గూడ పోయింది గదా" అన్నాడు. "నాకు మాటలు లేకుండె. నీ మాటొక్కటే దొరికింది."

అదీ నిజమే. అలాగని కోపమూ పోలేదు. అవసరమైన మాటలు తప్ప ఇద్దరం మాట్లాడుకోవడం మానేశాం. ఆ పాట ఇక పాడనని తను బ్యాండు వాళ్లతో చెప్పాడట. బాగా పేరొచ్చిన పాటను వదిలేస్తావా అని వాళ్లు కొట్టంలో లొల్లి పెట్టుకున్నారు. నేను వంటింట్లో నుంచి విన్నాను, కలగజేసుకోలేదు.

షో వీడియో చుట్టాల్లో ఎవరో అత్తమ్మ ఫోనుకు పంపారు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని అది పెట్టింది. పాట అయిపోయేదాకా తెరవైపే చూసింది.

"అందరు ఏదో పోరి మీద పాట అనుకుంటున్నరు" అంది. "గది మీ ఇద్దరిదే గదా బిడ్డా?"

తల ఊపాను.

తర్వాత అత్తమ్మ ఫోను పక్కన పెట్టి చెప్పింది. ఈయనకన్నా ముందు ఒక ఆడపిల్ల పుట్టి, వారం తిరక్కుండానే పోయిందట. ఆ సాయంత్రమే కొట్టంలో బర్రెల దగ్గర కూర్చోవాల్సి వచ్చిందట, పాలకోసం జనం వాకిట్లో నిలబడి ఉన్నారని.

"బర్రెపాలు పిండుతున్న. నా రైక తడుస్తున్నది" అంది. "పాలొస్తున్నయి. తాగెటందుకు పిల్ల లేదు."

అంతే చెప్పింది. దాన్ని దేంతోనూ పోల్చలేదు. మా ఇద్దరికీ నోరు తెరవడానికి కుళాయీ బిందే కావాల్సి వచ్చాయి. అత్తమ్మ జరిగింది జరిగినట్టే చెప్పింది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది, ఆసుపత్రి తర్వాత మొదటిసారి. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

"వానికి ఎర్కలేదు" అంది కాసేపటికి. "నువ్వే చెప్పు. నా నోట్లెకెల్లి రాదు."

ఆయన ఆఫీసు నుంచి రాగానే చెప్పాను. తనకు ఒక అక్క ఉండేదన్న సంగతి ముప్పై దాటాక భార్య నోట విన్నాడు. భుజాన ఉన్న బ్యాగు దించి, నేరుగా వాళ్లమ్మ గదిలోకి వెళ్లాడు. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను వెళ్లలేదు. తలుపు మాత్రం తెరిచే ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర, కావాలంటే ఆ పాట పాడుకో, వినడానికి నేను రాను అని చెప్పాను. అలాగే అన్నాడు. ఇప్పటికీ పాడుతున్నాడు. మేం మళ్లీ మామూలుగానే మాట్లాడుకుంటున్నాం. కాని నాకు ఏమైనా బాధ కలిగితే పైకి అనే ముందు ఒక్క క్షణం ఆగుతాను. నేను ఆగడం తనూ గమనిస్తాడు.