పదకొండో అధ్యాయం మీద పసుపు చీటీ

లోకాంతాన్ని కథగా చెప్పే అంత్యదినాల నవలల్లోకి రాజకీయాలను వాషింగ్టన్‌లో ఎవరో కూర్చుని ఎక్కించారని మా చర్చిలోని చదువుకున్నవాళ్ళు చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది, తప్పు మనది కాకుండా పోతుంది. మాకు ఏ ఫోనూ రాలేదు. నా బల్ల మీదుగా వెళ్ళిన నవల సంగతి నాకు తెలుసు.

1982 ఏప్రిల్‌లో, అమెరికాలో అరోరాకు దగ్గరలో ఉన్న ఒక చిన్న క్రైస్తవ ప్రచురణ సంస్థలో కాపీ ఎడిటర్‌గా చేరాను. రాతప్రతిని పెన్సిల్‌తో దిద్దడం, అనుమానం వస్తే పసుపు చీటీ మీద ప్రశ్న రాసి పేజీ అంచుకు అంటించడం నా పని. చీటీలకు రచయిత జవాబివ్వాలి. మూడో అధ్యాయంలో నీలికళ్ళున్నవాడికి తొమ్మిదిలో గోధుమరంగు కళ్ళెలా వచ్చాయని అడగవచ్చు. సిద్ధాంతం జోలికి మాత్రం పోకూడదు.

ఆ వేసవిలో వచ్చిన ఒక నవల పదకొండో అధ్యాయంలో విశ్వాసులంతా ఆకాశానికి ఎత్తబడతారు. ప్రార్థనాపరురాలైన ఒక విధవరాలు మాత్రం భూమ్మీద మిగిలిపోతుంది. కారణం, అణ్వాయుధాలు ఆపాలన్న అర్జీ మీద ఆమె సంతకం చేసింది. శాంతి అడిగేవాళ్ళు క్రీస్తు విరోధికి దారి వేస్తున్నారని కథలోని పాస్టరు ప్రసంగిస్తాడు. ‘ఈ మాటకు ఆధారం ఏ వచనం?’ అని చీటీ అంటించాను.

మేనేజింగ్ ఎడిటర్ డొరొతీ నన్ను పిలిచి, అది ప్రసంగమనీ, ప్రసంగమంటే సిద్ధాంతమనీ చెప్పింది. ప్రసంగం కాదు, ఎన్నికల కరపత్రం అన్నాను. అంత నోరున్నదాన్ని, చివరికి నా చేత్తోనే చీటీ పీకేశాను. పాస్టరు కూతుర్ని, ప్రసంగం నడుస్తుండగా లేచి ప్రశ్న అడిగినవాళ్ళను మా ఒంగోలులో నేను చూడలేదు.

పుస్తకం అచ్చయ్యాక మొదటి ప్రతి సుగుణక్క పట్టుకుపోయింది. బాపట్ల నుంచి వచ్చిన నర్సు, భర్త పోయినావిడ. మా తెలుగు ప్రార్థన కూటంలో రాకడ పాటలు ఎత్తుకునేది ఆమే. ప్రభువు వచ్చే రోజుకని ఒక తెల్లచీర ఇస్త్రీ చేసి క్లాజెట్‌లో విడిగా పెట్టుకునేది. “ఆయనొచ్చేసరికి డ్యూటీలో ఉంటే ఏం చేస్తావక్కా?” అంటే, “షిఫ్ట్ స్వాప్ చేసుకుంటాలేవే” అనేది.

రెండు వారాలకు ఫోన్ చేసింది.

“ఒసే, హాస్పిటల్ గేటు దగ్గర అలాంటి పేపర్ మీద నేనూ సైన్ చేశాను కదే!”

“అది నవల అక్కా. ఎవరో అల్లిన కథ.”

“నువ్వు చెక్ చేసే కదా పంపించావు?”

మరునాడు సంతకం కొట్టేయించుకోవడానికి వెళ్ళింది. కాగితాలు అప్పటికే పంపేశారట. తరువాత కూడా కూటానికి వచ్చేది, వెనక వరుసలో కూర్చునేది. పాట మాత్రం ఎత్తుకోలేదు. కొన్నేళ్ళకు ఉద్యోగం మారి టెక్సాస్ వెళ్ళిపోయింది. ఇప్పటికీ రాకడ పాట ఎక్కడ వినపడినా, పల్లవి ఆమె గొంతులో వస్తుందేమోనని చెవి ఒగ్గుతాను. రాదు.

ప్రసంగంలో పెట్టినా, పాత్ర నోట పలికించినా వాదన వాదనే. ఆధారం అడగడం కాపీ ఎడిటర్ పనే. ఆ తరువాత నేను అంటించిన చీటీ ఒక్కటి కూడా నా చేత్తో పీకలేదు. రెండుసార్లు ఉద్యోగం మీదికి వచ్చింది, రానిమ్మన్నాను.

సుగుణక్క టెక్సాస్‌లోనే, ఫ్రిస్కోలో ప్రభువునందు నిద్రించిందని ఆలస్యంగా తెలిసింది. పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు ఆమెకు ఆ తెల్లచీర కట్టారా?