శెనక్కాయ బరువు

ఆ రోజుల్లో బెంగళూరు పేటలో మగవాడి పొట్టను ఎవరూ జబ్బు కింద లెక్కగట్టేవాళ్ళు కాదు. గుడ్డల వ్యాపారంలో అయితే అంగడి బోర్డు కన్నా పొట్టే ముఖ్యం. తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద, బాలీసు దిండుకు ఆనుకొని, పొట్ట మీద చేతులు పెట్టుకొని కూర్చున్నవాణ్ణి చూస్తేనే ధర్మవరం నేతవాళ్ళకు నమ్మకం కలిగేది. సన్నటివాడు కూర్చుంటే, పాపం, ఈ అంగడి ఇతనికే అన్నం పెట్టలేదు, మనకేం పెడుతుందని పక్క అంగడి మెట్లు ఎక్కేవాళ్ళు. ఆ లెక్కన ఇరవై ఎనిమిదేళ్ళకే నేను చిక్కపేటలో పెద్ద షావుకారును. (పొట్ట వరకే. అంగడి మా చిన్నాయనది, నేను అందులో కూర్చునేవాణ్ణి.) చీర దించాలంటే గుమాస్తా ఉన్నాడు, కాఫీ కావాలంటే ఎదురు హోటలుకు ఒక కేక చాలు. పైగా యుద్ధం రోజులు, గుడ్డకు కంట్రోలు వచ్చిపడింది. అంగట్లో సరుకు తగ్గి కూర్చునే పని పెరిగింది. పేటలో నాకు 'బాలీసు మామ' అని పేరు. నేను భోజనానికి పోతే బాలీసునే నేననుకొని గిరాకీలు దానికి నమస్కారం పెట్టి ధర అడిగేవాళ్ళు. (ఒక్కరే, ఒక్కసారే. ఆ ముసలాయనకు చూపు ఆనేది కాదు.)

అట్లాంటి నన్ను పరుపు మీద నుంచి లేపినది డాక్టరూ కాదు, మా ఆవిడ నోరూ కాదు. మా అక్క కూతురి పెళ్ళి.

మా బావ పోయినప్పుడు ఆ పిల్ల ఇంకా పాకుతూ ఉండేది. అక్క దాన్ని చంకనేసుకొని మా ఇంటికే వచ్చేసింది. నేను పదేళ్ళవాణ్ణి. ఆ దినం మొదలు పిల్ల నేల మీద నడిచింది తక్కువ, నా భుజం మీద ఊరేగింది ఎక్కువ. బసవనగుడి శెనక్కాయల జాతరకు ఏటేటా భుజాన ఎక్కించుకొని పోయేవాణ్ణి. అది పైన కూర్చొని కాయలు వొలుచుకొని తింటూ తొక్కలన్నీ నా తల మీద పోసేది. 'శెనక్కాయ' అని పేరు పెట్టింది అప్పుడే. పేరు పెట్టినప్పుడు మనిషీ అంతే ఉండేది. పెళ్ళినాటికి, మా ఇంటి రాగిముద్ద పుణ్యమా అని, మా శెనక్కాయ నిండుగా తయారైంది. అక్కకు అదొక గర్వం. నాకు మాత్రం చింతామణి ఊరి సంబంధం ఖాయమై తాంబూలాలు మార్చుకున్న నాడు గుండె జారింది. ఎందుకంటే మా వాళ్ళలో పెళ్ళికూతురు పందిట్లోకి నడిచి రాకూడదు. గౌరీపూజ చేసిన గదిలోంచి పీటల దాకా మేనమామ ఎత్తుకొని రావాలి. సొంత మేనమామను నేనొక్కణ్ణే.

ఆ సంగతి నాకన్నా ముందు మా బంధువులకు తట్టింది. నన్ను కింది నుంచి పై దాకా చూసి, మా పెదనాయన కొడుకు వైపు తిరిగారు. ఆయనను అందరూ పైల్వాన్ అన్న అంటారు. గరడిలో, అంటే కుస్తీలు పట్టే ఎర్రమట్టి గోదాలో, పెరిగిన శరీరం. ఆయనా వరసకు మేనమామే. "నీకెందుకప్పా శ్రమ? పిల్లను నేను ఎత్తుకొస్తాను. నువ్వు కొబ్బరికాయ పట్టుకొని ముందర నడువు," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మరుసటి దినం నుంచే కసరత్తు మొదలని సభాముఖంగా ప్రకటించాను.

ఆయన గరడికే పోయాను. అక్కడి వస్తాదు ముందు మట్టికి సాష్టాంగం చెయ్యమన్నాడు. చేశాను. అంత మెత్తటి మట్టి, పొద్దున చల్లగా, పసుపూ వేపాకూ కలిసిన వాసన. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది. కాసేపటికి వస్తాదు వంగి, "పడుకునేది అందరికీ వస్తుంది స్వామీ. లేస్తేనే దాన్ని కసరత్తు అంటారు," అన్నాడు. ఇద్దరు శిష్యులు చెరో చెయ్యీ పట్టి లేపారు. ఆ రాత్రి ఇంట్లో మాత్రం, వస్తాదు నా ఎముక చూసి ఆశ్చర్యపోయాడనీ, ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నావని అడిగాడనీ చెప్పాను.

రెండో దినమూ గరడికే బయల్దేరాను. అయితే దారిలో ఒక దోసె హోటలుంది. పొద్దున్నే పెనం మీద వెన్న వేస్తారు. ఆ వాసన దాటి పోయేంత కండబలం నాకింకా రాలేదు, అది వచ్చేందుకే గదా గరడికి పోతున్నది. అట్లా కొన్నాళ్ళు జరిగింది. తిరిగొచ్చేటప్పుడు ఎక్కడన్నా ఎర్రమట్టి దొరికితే మెడకూ భుజాలకూ రాసుకొని రొప్పుతూ గడప దాటేవాణ్ణి. ఒకనాడు మా ఆవిడ నన్ను వెలుతురులోకి పిలిచి మీసం పరీక్షగా చూసింది. "ఏమండీ, గరడిలో ఇప్పుడు చట్నీ కూడా పూస్తా ఉండారా?" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. నేనూ నవ్వి, కసరత్తు నా ఒంటికి పడదని తేల్చి, పైల్వాన్ అన్నకు కబురు పంపుదామనుకున్నాను.

శెనక్కాయ ఒక్కతే నవ్వలేదు. నేను పెరట్లో మట్టి కడుక్కుంటుంటే చెంబు అందిస్తూ వచ్చి నిలబడింది.

"మామా, జాతరలో నన్ను ఎప్పుడన్నా పడేసినావా?"

"లేదే."

"ఇంగేమి మరి? నాయన ఉంటే ఆయన చేతుల్లో నుంచి నీ చేతుల్లోకి వచ్చుండేదాన్ని. ఆయన లేడు. నువ్వూ ఎత్తుకోకుంటే నన్ను పంపించేవాళ్ళు ఎవరుండారు? ఇంకొకరు ఎత్తుకునేదుంటే, నేను నడిచే పోతాను."

చెంబు అక్కడ పెట్టి లోపలికి పోయింది. దాని కళ్ళల్లో నీళ్ళు లేవు. ఉంటే ఓదార్చి తప్పించుకొనేవాణ్ణి. చెంబెడు నీళ్ళు ముందర పెట్టుకొని చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి కూర్చోవడం నాకు కష్టంగా తోచింది.

మళ్ళీ గరడికి పోలేదు. ఆ దారిలో దోసె ఉంది. మా అంగడి గోదాము దారిలో ఏమీ లేదు. మొదట నాకు పేరు తెచ్చిన బాలీసునే ఎత్తుకొని అంగడి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. గుమాస్తా నాకు పిచ్చి ఎత్తిందని చిన్నాయనకు చెప్పాడు. తరువాత చీరల కట్టలు. ఆ తరువాత రైలు నుంచి సరుకు వచ్చిన దినమల్లా బండి దగ్గరికి పోయి హమాలీలతో కలిసి మూటలు దించడం మొదలుపెట్టాను. వాళ్ళు ఎట్లా ఎత్తుతారో చూసి అట్లాగే ఎత్తేవాణ్ణి. మోకాళ్ళు వంచి మూట కిందికి భుజం దూర్చడం, 'హూఁ' అని ఒక్క ఊపుతో భుజాన వేసుకోవడం, 'దారి దారి' అని అరుస్తూ పేట జనంలోంచి సాగిపోవడం. మొదటి దినం మూట నా మీద పడింది. తరువాత నేను మూట మీద పడ్డాను. పెళ్ళి దగ్గర పడేసరికి మూటా నేనూ ఇద్దరమూ పడకుండా గోదాము చేరేవాళ్ళం. పంచె నడుము దగ్గర వదులైంది. నన్ను చూసేందుకు మల్లేశ్వరం నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. (మా ఆవిడ పుట్టిల్లు మల్లేశ్వరం. మా బావమరిది వచ్చాడు.)

పెళ్ళి పేటలోనే, ఒక సత్రంలో. పొద్దున్నే ముహూర్తం. పురోహితుడు పిల్లను తెమ్మన్నాడు, మేళం జోరందుకుంది. గదిలో శెనక్కాయ పచ్చటి చీరలో, చేతుల్లో కొబ్బరికాయతో, పెద్ద పూలజడతో నిలబడి నా వైపు చూసింది. గుమ్మం దగ్గర పైల్వాన్ అన్న చేతులు కట్టుకొని సిద్ధంగా ఉన్నాడు, నేను పడితే పట్టుకునేందుకు. నేను పిల్లను పూలబుట్టలాగా రెండు చేతుల మీదా ఎత్తి, చిరునవ్వుతో నడిచి పోయానని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. చూసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు గనక ఇంక దాచి లాభం లేదు. జరిగింది వేరు.

మనిషిని ఎత్తే అభ్యాసం నాకు లేదు. అన్నాళ్ళూ ఎత్తింది మూటలే. మేళం చెవిలో మోగుతుంటే, అందరి కళ్ళూ నా మీదే ఉంటే, బుర్ర పని చెయ్యలేదు. చేతులు మాత్రం తమకు తెలిసిన పని చేశాయి. మోకాళ్ళు వంగాయి, భుజం దూరింది, 'హూఁ' అన్నాను. కళ్ళు తెరిచేసరికి పెళ్ళికూతురు నా భుజం మీద అడ్డంగా ఉంది. తల వెనక్కి వేలాడుతూంది, పూలజడ నేలను ఊడుస్తూంది, చేతిలోని కొబ్బరికాయ అడుగడుగుకూ నా వీపుకు కొట్టుకుంటూంది. గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ నోళ్ళ మీద చేతులు వేసుకున్నారు. దించి మళ్ళీ ఎత్తుదామా అంటే, దించితే మళ్ళీ ఎత్తగలనని నాకు నమ్మకం లేదు. నడిచాను. వెనక నుంచి మెల్లగా ఒక గొంతు వినబడింది. "మామా, వాకిలి తగ్గుగా ఉండాది. వంగు." వంగాను. నడవాలో జనం కిక్కిరిసి ఉన్నారు. నా నోటికి ఏమైందో, 'దారి, దారి' అని గట్టిగా కేక పెట్టాను. పెళ్ళివాళ్ళు నిజంగానే దారి ఇచ్చారు. పీటల దగ్గర దించి, అలవాటు కొద్దీ, దుమ్ము దులిపినట్టు నా భుజం మీద రెండు చరుపులు కూడా చరిచాను.

మేళం ఆగిపోయింది. పెళ్ళికొడుకు అవ్వ, వాళ్ళింట్లో ఆమె మాటే మాట, మెల్లగా లేచి నిలబడింది. "ఇదేమి పద్ధతమ్మా మీది?" అంది.

మా అక్కే ముందుకొచ్చింది. కొంగు సర్దుకొని, తొణక్కుండా, "మా పుట్టింటి పద్ధతి, అవ్వా. భుజం మీద పెంచిన పిల్లను భుజం మీదనే తెచ్చి ఇస్తాము," అంది.

అవ్వ అక్కను చూసింది, నన్ను చూసింది, జారిన పూలజడను నవ్వుతూ సర్దుకుంటున్న శెనక్కాయను చూసింది. కళ్ళు తుడుచుకొని, "మంచి పద్ధతి," అని కూర్చుంది. మేళం మళ్ళీ అందుకుంది.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. పీటల ముందరి మెట్టు ఎక్కేటప్పుడు నా కుడి మోకాలు నన్ను వదిలేసింది. ఆ క్షణంలో ఎవరిదో చెయ్యి నా మోచేతి కింద ఒక్కసారి ఆనింది, వెంటనే తీసేసింది. తిరిగి చూస్తే పైల్వాన్ అన్న పైకి చూస్తూ పందిరి తోరణాలు లెక్కపెడుతున్నాడు. బతికున్నన్నాళ్ళూ ఆయన ఆ మాట ఎవరితోనూ అనలేదు. తరువాత నేను నడుముకు తవుడు కాపడం పెట్టించుకుంటూ పడి ఉంటే, దోసెలు తెచ్చిచ్చింది కూడా ఆయనే.

ఏళ్ళు గడిచాక చింతామణిలో శెనక్కాయ ఆడబిడ్డ కూతురి పెళ్ళికి పోయాను. మేళం మోగింది. మేనమామ, అంటే మా శెనక్కాయ మొగుడు, పెళ్ళికూతుర్ని భుజాన అడ్డంగా వేసుకొని పందిట్లోకి వచ్చాడు. వాళ్ళ అవ్వ అప్పటినుంచీ ఇంట్లో అన్ని పెళ్ళిళ్ళలోనూ అట్లాగే చెయ్యాలని కట్టడి చేసిందట. పెళ్ళికూతురు తల వేలాడేసుకొని కిలకిలా నవ్వుతూంది. నా పక్కన కూర్చున్న కుర్ర పురోహితుడు, ఇది చాలా ప్రాచీనమైన ఆచారమనీ, ఇందులో గొప్ప అర్థం ఉందనీ నాకు వివరంగా చెప్పాడు. శ్రద్ధగా విన్నాను.

అప్పటికి నా పొట్ట తిరిగొచ్చి ఎన్నో ఏళ్ళైంది. శెనక్కాయ తల నెరిసింది. జనంలో నుంచి వచ్చి నా ఒళ్ళో గుప్పెడు శెనక్కాయలు పోసి, భోజనానికి లెమ్మని చెయ్యి చాచింది. ఆ చెయ్యి పట్టుకొని మోకాళ్ళు కూడదీసుకొని 'హూఁ' అన్నాను. హూంకారం మాత్రం పాతదే. లేపింది ఆమె.