ఎనిమిదితో భాగించడం మరిచిన రోజు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో లేదని నా గట్టి నమ్మకం. డిప్లొమా పూర్తయి ఆరు నెలలు, హోసూరులో ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో, కంప్యూటర్ల విభాగంలో ట్రైనీ ఉద్యోగం. బేరిగై నుంచి ఫ్యాక్టరీకి వచ్చే బస్సులో సీటు దొరక్కపోయినా మెడలోని ఐడీ కార్డు పదిమందికీ కనబడేలా నిలబడేదాన్ని. (ఒకసారి కండక్టరు అది పాసు అనుకొని చాలాసేపు పరిశీలించాడు.)

మా ఫ్యాక్టరీ డ్రాయింగులన్నీ ఒక పాత డిస్కుల పెట్టెలో ఉండేవి. వాటిని కొత్తగా వేసిన ఫైబర్ లైను మీద కృష్ణగిరి బ్రాంచికి పంపాలి. ఆర్డరిచ్చే కంపెనీ నుంచి ఒక పెద్దాయన మరునాడు పదకొండు గంటలకు ఆ బ్రాంచికి వచ్చి, అవి చూసి సంతకం పెడతాడు. పెడితే మాకు కొత్త ఆర్డరు, నాకు పర్మనెంటు ఉద్యోగం. మా మేనేజరు ఏ పనైనా నిన్నే అయిపోయి ఉండాలనే మనిషి కనుక చాటున ఆయన్ని 'నిన్నే సార్' అనేవాళ్ళం. "ఎంతసేపు పడతాదమ్మా?" అని ఆయన అడగ్గానే కాగితం తీశాను. డిస్కు పెట్టె వేగం సెకనుకు నూట అరవై మెగా, ఫైబర్ లైనుది నూరు మెగా. పంపాల్సింది మూడువందల అరవై గిగాబైట్లు. తక్కువ వేగం నూరు కనుక దాంతో భాగించి, "కరెక్టుగా ఒక గంట సార్!" అన్నాను. పైగా నా తెలివి కొద్దీ ఫైళ్ళన్నీ ఒకే మూటగా కట్టించాను. ఆఖరి ముక్క చేరేదాకా ఆ మూట విప్పడానికి వీల్లేదు.

మరునాడు తొమ్మిదిన్నరకు హోసూరులో మా సీనియరు (కేబుళ్ళ మధ్యే బతికేవాడు గనుక అందరికీ కేబులన్న) పంపడం మొదలుపెట్టాడు. నేను లెక్క కాగితం టేబుల్ మీద పెట్టుకొని, నిన్నే సార్‌తో పాటు కృష్ణగిరి బ్రాంచిలో కాచుకొని ఉన్నాను. పదిన్నరకు ఫోను.

"పాపా, పన్నెండు శాతం."

"పన్నెండేందన్నా? నూరు కావాల కదా!"

"నువ్వు రాసిన నూరు పక్కనుండేది చిన్న బీ, తల్లీ. అవి బిట్లు. పెట్టె మీదుండేది పెద్ద బీ, బైట్లు. ఎనిమిది బిట్లయితేనే ఒక బైటు. రెండూ ఒకటే అనుకొని లెక్క ఏసినావు."

"అంటే?"

"అంటే గంట కాదు, ఎనిమిది గంటలు. సాయంత్రం అయిదున్నర."

నిన్నే సార్‌కు నిజం చెప్పాలన్న ఆలోచన వచ్చింది గాని, దాన్ని నేను అట్టే నిలబడనివ్వలేదు. పెద్దాయన రాగానే, "ముందు మా బ్రాంచి చూడండి సార్" అని లాక్కుపోయాను. ఉన్న పద్నాలుగు యంత్రాలనూ చూపించి, పదిహేనోది రాబోయే చోటు కూడా చూపించాను. మధ్యలో కేబులన్న ఫోను. పక్కనే పెద్దాయన ఉన్నాడు, ఏం చేయను?

"ముప్పై ఒకటి," అన్నాడు కేబులన్న.

"ముప్పైయొక్క మందేనా అత్తా?" అన్నాను.

"ఎవరే నీకు అత్త?"

ఠక్కున పెట్టేసి, "ఇంట్లో చిన్న నిశ్చితార్థం సార్. వచ్చేవాళ్ళను లెక్కేస్తా ఉండారు" అన్నాను. భోజనం అయ్యేసరికి చుట్టాలు యాభైమంది దాటారు. నిన్నే సార్ గడియారం చూసుకుంటూ నన్ను చూస్తున్నాడు. ఇక ఆఫీసులో ఉంటే ప్రమాదమని, "మా డ్యామ్ చూడకుండా పోతే ఎట్ల సార్?" అని కంపెనీ జీపు ఎక్కించాను.

డ్యామ్ గట్టు మీద గాలి బాగా వీస్తోంది. మూడు గంటలకు మళ్ళీ ఫోను. "అరవై తొమ్మిదా అత్తా?" అన్నాను దిగులుగా.

పెద్దాయన నీళ్ళకేసి చూస్తూ, "అమ్మా, అయిదున్నరకంతా నూరుమందీ వచ్చేస్తారులే, ఊరికే భయపడొద్దు" అన్నాడు.

గబుక్కున ఫోను పెట్టేశాను.

"పొద్దున నీ టేబుల్ మీద ఆ కాగితం చూసినాను. నూరు పక్కన చిన్న బీ రాసుకొని, ఎనిమిదితో భాగించేది మరిచిపోయినావు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు సార్?" ఏడుపు ఆపుకుంటూ అడిగాను.

"మాది కోలారు పక్కమ్మా. ముప్పై ఏండ్లుగా ఊరూరా తిరిగి డ్రాయింగులు చూస్తా ఉండాను. ఎవరూ ఒక్క దినము గూడా డ్యామ్ చూపీలేదు. నువ్వు అబద్ధాలు చెప్పేది శానా బాగుండాది, సుమ్మా, ఊరికే ఎందుకు చెడగొట్టేదని ఊరుకున్నాను."

సాయంత్రం మూట విప్పాం. ఆయన ప్రతి డ్రాయింగూ నిదానంగా చూశాడు, ఒకదాంట్లో కొలత తప్పుంటే దిద్దించాడు, ఆ తర్వాతే సంతకం పెట్టాడు. "ఇంత ఆలస్యమెందుకైంది?" అని నిన్నే సార్ నావైపు తిరిగితే, "నేనే డ్యామ్ చూడాలంటినప్పా" అన్నాడు. రెండు నెలలకు నా ఉద్యోగం పర్మనెంటయింది.

ఇప్పుడు ఆ విభాగానికి నేనే పెద్దను. అదే పని ఇప్పుడు టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. చూడాల్సినవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చొని తెర మీద చూసి సంతకం పెడతారు. ఆ రోజు నేను లెక్క సరిగ్గా వేసి ఉంటే ముందు రోజే మూట పంపేవాళ్ళం, ఆ పెద్దాయన పని ముగించుకొని మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు నా లెక్కలు తప్పడం లేదు. కాని లేని చుట్టాలను ఒక్కొక్కరినీ పిలుచుకుంటూ, గుండె దడదడలాడుతున్నా నవ్వుతూ నడిచిన ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. దానికున్న ధైర్యంలో సగమైనా ఇప్పుడు నాలో మిగిలుంటే బాగుండుననిపిస్తుంది.