తొడుగులంటే గిట్టని వేలాయన

రేవు మొదట్లో ఎర అమ్ముతాను నేను. బేరాల్లేనప్పుడు జనానికి పేర్లు పెడుతుంటాను. వేలాయనకు ఆ పేరు పెట్టింది నేనే. సరదాకి గాలం వేసే బాబుల్ని తన తమ్ముడి పడవలో సముద్రం మీదికి తీసుకెళ్లడం అతని పని. బాబులు చేపను పట్టి, దాంతో ఫొటో దిగి, మళ్లీ నీళ్లలోనే వదిలేస్తారు. ఎవడి పిచ్చి వాడికానందం.

ఎండాకాలంలో చేపే ఎగబడి గాలం మింగుతుంది, ఆ పని ఎవడైనా చేస్తాడు. చలికాలంలో మాత్రం చేప లోతుకు దిగి మందగిస్తుంది. ఎరను నోట పెట్టుకుని, ఒక్క క్షణం చప్పరించి ఉమ్మేస్తుంది. గాలపు కర్ర కదలను కూడా కదలదు. దారం మీద వేలు ఆనించి వేలాయన "ఊఁ, లాగండి!" అంటే చేప ఉన్నట్టే. చలికాలంలో పడవ నిండేది ఆ వేలి పుణ్యమే.

గర్వమూ అంతే ఉండేది. "చేతులకు తొడుగులేసుకుని గాలం పట్టడం, దుప్పటి కప్పుకుని స్నానం చేయడం ఒకటే" అని అందరినీ వెక్కిరించేవాడు. పని నేర్చుకునే రోజుల్లో తమ్ముడి చేతులు చలికి పగిలి నెత్తురు కారితే, తల్లి ఉన్ని తొడుగులు అల్లి ఇచ్చింది. వేలాయన బాబుల ఎదుటే వాటిని పీకి సముద్రంలో పారేశాడు. అందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. ఆ నవ్వు నాకు అప్పుడే నచ్చలేదు.

ఈ చలికాలం వేలాయన "లాగండి" అన్నప్పుడల్లా గాలం ఖాళీగా వచ్చింది. నీళ్లు మరీ చల్లగా ఉన్నాయన్నాడు. ఎర పాతదన్నాడు, నాకు ఒళ్లు మండింది. కానీ చొక్కా గుండీలు పెట్టుకోలేక తడుముకోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఏళ్ల తరబడి తిన్న చలి వేళ్లలో స్పర్శను చంపేసింది. అడిగితే తేలు కుట్టిన దొంగలా చేతులు వెనక్కి దాచుకున్నాడు. ఆ సంగతి బయటపడితే పడవ మీద అతనికి చోటుండదు మరి.

ఒకరోజు బయలుదేరే ముందు, తమ్ముడు నా పొయ్యి మీద మరుగుతున్న టీని స్టీలు గ్లాసులో నిండా పోసి, గుడ్డతో పట్టుకుని తెచ్చాడు.

"అన్నా, టీ."

వేలాయన వేళ్లన్నీ చుట్టి గ్లాసు పట్టుకున్నాడు. బాబులకు ఏనాటిదో ఓ పెద్ద చేప కథ మొదలుపెట్టాడు. వాళ్లు కథ వినడం లేదు, చెయ్యి చూస్తున్నారు. గ్లాసు కింద పెట్టేసరికి వేళ్ల చర్మం బొబ్బలెక్కింది. అతను ఇంకా చేప గురించే చెబుతున్నాడు.

"చూశారుగా," అన్నాడు తమ్ముడు. "ఇవాళ్టి నుంచి దారం నేనే పట్టుకుంటా." జేబులోంచి కొత్త తొడుగులు తీసి అన్న ఒళ్లోకి విసిరాడు. "వేసుకో అన్నా. నీకిప్పుడు తేడా ఏముంది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వేలాయనను ఒడ్డునే వదిలేసి పడవ వెళ్లిపోయింది. ఆ తమ్ముడికి పుట్టగతులుండవు అనుకున్నాను. పెద్దాడికీ తగిన శాస్తే అని కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

మందు రాస్తానన్నా వినకుండా వేలాయన కాలిన చేతికే తొడుగు ఎక్కించుకున్నాడు. చాలాసేపు పట్టింది. ఆ చెయ్యి నా ముందుకు చాచాడు.

"వేళ్లన్నీ సరిగ్గా దూరాయా, కాస్త చూసిపెట్టు."